ఫాల్స్‌ సీలింగ్‌ లైట్లు: వెలుగు చూసి కాదు, వెనుక భాగం చూసి కొనాలి

తిరుపతి: కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు, పాత ఇంటిని బాగు చేయించుకొనేవారు పైకప్పు కింద ఫాల్స్‌ సీలింగ్‌ వేయించుకోవడం ఇప్పుడు పట్టణాలలోనే కాక మండల కేంద్రాలలోనూ సర్వసాధారణమైంది. ఆ సీలింగ్‌లో గుండ్రంగానో, చతురస్రంగానో రంధ్రాలు కోసి బిగించే ఎల్‌ఈడీ దీపాలను డౌన్‌లైట్లనీ, ప్యానెల్‌ లైట్లనీ, కన్సీల్డ్‌ లైట్లనీ రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. తిరుపతి గాంధీ రోడ్డులోనైనా, చిత్తూరు బజారు వీధిలోనైనా విచారిస్తే పెట్టె మీద ఒకే 12 వాట్లు ముద్రించిన రెండు లైట్లలో ఒకదాని ధర రెండోదానికి రెట్టింపో, మూడు రెట్లో ఉంటుంది. బల్ల మీద పెట్టి వెలిగించి చూపితే మాత్రం తేడా కనిపించదు. చవక లైటే మరింత తళతళలాడినా ఆశ్చర్యం లేదు. అసలు తేడా బయటపడేది మొదటి వేసవి గడిచాక.

హోల్డరుకు తగిలించే బల్బు పోతే ఇంటివారే నిమిషంలో మార్చుకుంటారు. సీలింగ్‌లో పొదిగిన లైటు సంగతి వేరు. నిచ్చెన కావాలి, ఎలక్ట్రీషియన్‌ రావాలి, అదే కొలత లైటు బజారులో దొరకాలి. దొరకకపోతే రంధ్రం పెద్దది చేసి మళ్లీ పుట్టీ, రంగు వేయించాలి. ఒక ఇంటికి ఇరవై లైట్లు బిగించి, ఒక్కొక్క దానిపై వంద రూపాయలు ఆదా చేశామనుకున్నవారు రెండేళ్లలో ఆ రెండు వేలకు మించి కూలికే చెల్లించవలసి రావచ్చు. అలాగని ఖరీదైనదంతా మేలైనదీ కాదు, చవకైనదంతా నాసిరకమూ కాదు. చవక లైటులో ఖర్చు ఎక్కడ తగ్గించారో కనిపెట్టగలగడమే కొనుగోలుదారుకు కావలసిన తెలివి.

ధర ఎందుకు దిగింది?

ఎల్‌ఈడీ చవక కావడంలో మోసమేమీ లేదు. నీలి కాంతినిచ్చే డయోడును కనుగొన్న జపాన్‌ శాస్త్రవేత్తలు అకసాకి, అమనో, జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్‌ బహుమతి అందుకున్నారు. ఆ నీలి చిప్పు మీద పసుపుపచ్చ ఫాస్ఫర్‌ పూత పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. మన ఇంటి లైట్లన్నింటికీ ఇదే మూలం. 2014-15లో ఆంధ్రప్రదేశ్‌లో డీఈఎల్‌పీ పథకం కింద ఇళ్లకు ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. తరువాత ఉజాలాగా పేరు మారిన ఆ పథకానికి 2014లో ఈఈఎస్‌ఎల్‌ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొనగా, 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగింది. చిప్పుల తయారీ పెరిగి, టెండర్లలో పోటీ పెరిగి వచ్చిన తగ్గుదల అది. న్యాయమైన చవక.

చిక్కు ఆ తరువాత మొదలైంది. చిప్పు ధర అట్టడుగుకు చేరాక ఇంకా తగ్గించాలంటే కోతపెట్టడానికి మిగిలినవి రెండే: వేడిని లాగివేసే అల్యూమినియం, కరెంటును క్రమబద్ధం చేసే డ్రైవర్‌. నాసిరకం లైట్లలో లోపం తొంభై పాళ్లు ఈ రెండింటిలోనే దాగి ఉంటుంది. రెండూ లైటుకు వెనుకవైపే ఉంటాయి. కొనేవారు చూసేదేమో ముందువైపు.

తూర్పు మండలాల ఎండ

పాత ఫిలమెంటు బల్బు తన వేడిని వెలుగుతో పాటే గదిలోకి వెదజల్లేది. ఎల్‌ఈడీ అలా చేయలేదు. తీసుకున్న విద్యుత్తులో సగానికి పైగా వేడిగా మారి చిప్పు వెనుకనున్న పలకలోకి దిగుతుంది. అక్కడి నుంచి అల్యూమినియం దేహం ద్వారా గాలిలో కలవాలి. ఫాల్స్‌ సీలింగ్‌కూ స్లాబుకూ మధ్య ఉండేది కదలిక లేని గాలి. పై అంతస్తు లేని ఇంట్లో మే నెల మధ్యాహ్నం కాగిన స్లాబు ఆ గాలిని రాత్రి దాకా వేడిగానే ఉంచుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి ప్రాంతాలలో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పడమటి మండలాలైన పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఎత్తైన నేల కనుక వేడి కొంత తక్కువ. ఒకే కంపెనీ లైటు పలమనేరులో నాలుగేళ్లు నిలిచి శ్రీకాళహస్తిలో రెండేళ్లకే మూలపడితే కారణం అదృష్టం కాకపోవచ్చు.

వేడికి ముందుగా లొంగిపోయేది చిప్పు కాదు, డ్రైవర్‌లోని కెపాసిటర్‌. చిన్న డబ్బా ఆకారంలో ఉండే దీనిలోని ద్రావకం వేడికి క్రమంగా ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే దీని ఆయుష్షు రెట్టింపవుతుందనీ, పది పెరిగితే సగమవుతుందనీ ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. కెపాసిటర్‌ ఒంటి మీద 105 డిగ్రీలనో, 85 డిగ్రీలనో ముద్రించి ఉంటుంది. రెండూ ఆ గరిష్ఠ వేడి వద్ద 2,000 గంటలు పనిచేసేవే అనుకుందాం. డ్రైవర్‌ లోపల 75 డిగ్రీలు ఉంటే మొదటిది 16,000 గంటలు, రెండోది 4,000 గంటలు మన్నుతాయి. రోజుకు అయిదు గంటల చొప్పున 4,000 గంటలంటే రెండేళ్ల రెండు నెలలు. పెట్టె మీద ఘనంగా వేసే 25,000 గంటల లెక్క సాధారణంగా చిప్పుకు సంబంధించినది, అదీ తొలినాటి వెలుగులో 70 శాతం మిగిలేదాకా. డ్రైవర్‌ అంతకాలం బతుకుతుందని ఆ అంకె హామీ ఇవ్వదు.

కాబట్టి దుకాణంలో చేయదగిన మొదటి పరీక్ష చేతిలో పట్టుకొని బరువు చూడటం. ఒకే వాట్ల లైట్లను రెండు చేతులలో పెట్టుకొంటే పోత అల్యూమినియం దేహానికీ, రంగు పూసిన ప్లాస్టిక్‌కూ తేడా తెలిసిపోతుంది. వెనుక రెక్కలున్నంత మాత్రాన చాలదు. ప్లాస్టిక్‌ రెక్కలు అలంకారం కిందే లెక్క. ఆరు వాట్ల లోపు లైటుకు మంచి ప్లాస్టిక్‌ దేహమైనా సరిపోవచ్చు. పన్నెండు, పదిహేను వాట్లకు లోహం తప్పదు.

పలుచని లైట్లపై మోజు ఎక్కువగా ఉంది. వీటిలో చిప్పులు అంచు చుట్టూ ఉంటాయి. మధ్యలోని పారదర్శక పలక వెలుగును పరుస్తుంది. ఆ పలక మేలైన యాక్రిలిక్‌ కాకపోతే వేడికి, కాంతికి కొన్నాళ్లలో పసుపుబారుతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, గది మాత్రం మసకబారుతుంది. సీలింగ్‌లో చోటు ఉన్నప్పుడు చిప్పులు వెనుక వరుసగా ఉండే మందపాటి రకమే చవక శ్రేణిలో మేలు.

డ్రైవర్‌ మీది అక్షరాలు చదవండి

లైటుకు తీగతో వేలాడే చిన్న డబ్బాయే డ్రైవర్‌. పాత అలవాటు కొద్దీ కొందరు దీనినీ చోకు అనే అంటారు. దాని మీద నాలుగు అంకెలు చూడాలి. ఇన్‌పుట్‌ వోల్టేజి 220 నుంచి 240 వరకు మాత్రమే అని ఉంటే అది మన గ్రామాల సరఫరాకు పనికిరాదు. 140 నుంచి 270 వరకు, లేదా అంతకంటే విశాలంగా ఉన్నది కావాలి. అవుట్‌పుట్‌ దగ్గర వోల్టులు, మిల్లీ ఆంపియర్లు ఉంటాయి. ఉదాహరణకు 40 వోల్టులు, 300 మిల్లీ ఆంపియర్లు అయితే రెండూ గుణిస్తే సరిగ్గా 12 వాట్లు. పెట్టె మీద 15 అని, డ్రైవర్‌ మీద 8 నుంచి 12 అని ఉంటే ఏది నిజమో చెప్పనక్కరలేదు. టీసీ అనే గుర్తు పక్కనున్న డిగ్రీలు డ్రైవర్‌ పైపొర తట్టుకొనే గరిష్ఠ వేడి, టీఏ పక్కనున్నవి చుట్టూ ఉండదగిన గరిష్ఠ వేడి. టీఏ 40 డిగ్రీలే అయితే తిరుపతి సీలింగ్‌కు అది చాలదు. ఏ అంకే లేని, ఏ పేరూ లేని డ్రైవర్‌ను వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

మే నెల గాలివానలు, ఆపై అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవన వర్షాలు, వాటితో వచ్చే పిడుగులు ఈ ప్రాంతంలో డ్రైవర్లకు రెండో గండం. పిడుగు దూరంగా పడినా తీగల మీద క్షణకాలం వేల వోల్టుల పోటు వస్తుంది. అందుకే మంచి కంపెనీలు 2.5 కిలోవోల్టులో, 4 కిలోవోల్టులో పోటును తట్టుకొంటుందని పెట్టె మీద రాస్తాయి. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్‌ తీగ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. కొన్ని డ్రైవర్లలో 440 వోల్టుల వరకు రక్షణ ఉంటుంది. గాలికి తీగలు తెగే ఊళ్లలో దీనికి పదో ఇరవయ్యో అదనంగా పెట్టడం దండగ కాదు.

అసలు వేరుగా డ్రైవరే లేని లైట్లూ వస్తున్నాయి. డీఓబీ అనే ఈ రకంలో చిప్పులున్న పలక మీదే చిన్న భాగాలు అతికించి నేరుగా 230 వోల్టులు ఇస్తారు. ధర బాగా తగ్గుతుంది. కానీ సరఫరాకూ చిప్పుల పలకకూ మధ్య అడ్డు ఉండదు. మూత పగిలిన లైటును తుడవబోయినా, స్లాబు కారి తడిసిన సీలింగ్‌లో చెయ్యి పెట్టినా ప్రమాదం. స్నానాలగదికి, కారే స్లాబు కింది గదికి ఈ రకం వద్దే వద్దు. లోహపు దేహం ఉన్న లైటుకు ఎర్తు తీగ చోటు ఉంటే తప్పక కలపాలి. ఒక చతురస్రం లోపల మరొక చతురస్రం గుర్తు ఉంటే రెండు పొరల ఇన్సులేషన్‌ ఉన్నదని అర్థం, దానికి ఎర్తు అవసరం లేదు. ఎలాగైనా మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండటం ప్రాణరక్షణ.

ఐఎస్‌ఐ కోసం వెతికితే కనిపించదు

తీగలు, స్విచ్‌లు కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడటం జనానికి అలవాటైంది. ఎల్‌ఈడీ లైట్ల మీద అది కనిపించక తికమకపడతారు. వీటికి భారతీయ ప్రమాణాల సంస్థ వేరే పద్ధతి పెట్టింది. 2012లో మొదలైన తప్పనిసరి నమోదు పద్ధతి కింద తయారీదారు తన సరుకును గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షింపజేసి నమోదు చేయించుకోవాలి. తరువాతి విడతలలో ఎల్‌ఈడీ దీపాలు, డ్రైవర్లు, సీలింగ్‌లో పొదిగే లైట్లు ఈ జాబితాలో చేరాయి. పొదిగే లైట్ల ప్రమాణం ఐఎస్‌ 10322, అయిదో భాగం, రెండో సెక్షన్‌. దాని కింద ఆర్‌ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య ఉండాలి. బీఐఎస్‌ కేర్‌ అనే మొబైల్‌ యాప్‌లో ఆ సంఖ్య కొడితే తయారీదారు ఎవరో తెలుస్తుంది. ఆ వివరాలు పెట్టె మీది పేరుతో కలవకపోతే సంఖ్య అరువు తెచ్చుకున్నదని అనుమానించవలసిందే.

అయితే ఈ నమోదు భద్రతకు సంబంధించినది. షాకు కొట్టదనీ, మితిమీరి వేడెక్కదనీ పరీక్షించినట్టు. వెలుగు ఎంత ఇస్తుందో, ఎన్నేళ్లు వస్తుందో అది చెప్పదు. సంఖ్య ఉన్నదని మిగతావి చూడకుండా కొనడం తొందరపాటే అవుతుంది. సంఖ్య లేనిదానిని మాత్రం ఎంత చవకైనా తాకకపోవడం మేలు. ఫ్యాను, ఫ్రిజ్‌ మీద కనిపించే నక్షత్రాల లేబులు ఎల్‌ఈడీ బల్బుల మీద కూడా ఉంటుంది. ఆ నక్షత్రాలను చూపించి సీలింగ్‌ లైటును అంటగట్టే మాటలు నమ్మరాదు.

ఇంట్లోనే పరీక్ష

సీలింగ్‌కు రంధ్రాలు కోయకముందే రెండు మూడు రకాల లైట్లు ఒక్కొక్కటి చొప్పున కొని తెచ్చుకోవాలి. ఇరవై లైట్ల ఖర్చులో ఇది ఎంతో కాదు. ఎలక్ట్రీషియన్‌ ఒప్పుకోకపోయినా సరే, ఈ ఒక్క పని మానవద్దు.

నిజమైన వాట్లు తెలుసుకోవడానికి ఇంటి మీటరే చాలు. ఎలక్ట్రానిక్‌ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. పక్కన యూనిట్‌కు 3,200 మిణుకులని ఉందనుకుందాం. ఫ్రిజ్‌, ఇన్వర్టరు, వైఫై సహా అన్నీ ఆపి ఆ ఒక్క లైటే వెలిగిస్తే, నిజంగా 12 వాట్లయితే మిణుకుకూ మిణుకుకూ మధ్య సుమారు 94 సెకన్లు పడుతుంది. 140 సెకన్లు పట్టిందంటే అది 8 వాట్ల లైటే. మీటరు మీది సంఖ్య వేరైతే 36 లక్షలను ఆ సంఖ్యతోనూ, వాట్లతోనూ భాగిస్తే సెకన్లు వస్తాయి. వాట్లు తగ్గడం దానంతట అదే దోషం కాదు. ఎనిమిది వాట్లతోనే వెయ్యి ల్యూమెన్‌లు ఇచ్చే లైటు మెచ్చదగినదే. అబద్ధం ముద్రించినవారు మిగతా చోట్ల నిజం ముద్రించి ఉంటారా అన్నదే ప్రశ్న.

వెలుగు అదురు చూడటానికి సెల్‌ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి లైటు వైపు చూపాలి. చారలు పరుగెత్తుతున్నా, వెలుగు కొట్టుకుంటున్నా డ్రైవర్‌లో కెపాసిటర్‌ పొదుపు చేశారని అర్థం. మన సరఫరా 50 హెర్ట్‌జ్‌ కనుక ఆ అదురు సెకనుకు 100 సార్లు ఉంటుంది. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి, కళ్ల అలసట కలుగుతాయి. పిల్లలు చదువుకొనే గదిలో ఇది పట్టించుకోదగిన విషయం. రేడియో వినే అలవాటున్న ఇళ్లలో మరొక గుర్తు: లైటు వేయగానే మీడియం వేవ్‌లో గరగర మొదలైతే డ్రైవర్‌లో వడపోత భాగం ఎగ్గొట్టారు.

రంగుల పరీక్షకు యంత్రం అక్కరలేదు. కుంకుమ, పసుపు, ఒక వెంకటగిరి చీర అంచు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఉంటే చాలు. పగటి వెలుగులో ఒకసారి, లైటు కింద ఒకసారి చూడాలి. నాసిరకం లైటు కింద కుంకుమ ఎరుపు గోధుమ రంగుకు దిగుతుంది, మనుషుల ముఖాలు పాలిపోతాయి. పెట్టె మీద సీఆర్‌ఐ 80 లేదా అంతకు మించి ఉండాలి. పూజగదికి, అద్దం ముందుకు 90 దొరికితే మరీ మంచిది.

చివరిగా వేడి. లైటును అట్టపెట్టెలో వెనుక భాగం లోపలికి ఉండేలా అమర్చి, మనుషులు దగ్గర ఉండగానే రెండు గంటలు వెలిగించాలి. ఆపివేసి, ప్లగ్గు తీశాక డ్రైవర్‌ మీద వేలు ఆన్చి చూడాలి. అయిదు సెకన్లు కూడా వేలు నిలవకపోతే సీలింగ్‌లో దాని గతి ఊహించుకోవచ్చు. దేహం గోరువెచ్చగా కూడా లేకుండా చిప్పుల మూత మాత్రం కాలుతుంటే వేడి వెనక్కి పోవడం లేదన్నమాట.

ఎన్ని కావాలి?

పన్నెండు అడుగులకు పదిహేను అడుగుల హాలు దాదాపు 16.7 చదరపు మీటర్లు. కూర్చొని మాట్లాడుకోవడానికి 150 లక్సుల వెలుగు చాలును. గోడలు, మూతలు మింగేది కలుపుకొన్నా 4,200 ల్యూమెన్‌లు సరిపోతాయి. నిజాయితీగల 12 వాట్ల లైటు వెయ్యికి పైగా ల్యూమెన్‌లు ఇస్తుంది కనుక నాలుగు చాలు. మన ఇళ్లలో అదే హాలుకు ఎనిమిదో, పన్నెండో బిగిస్తున్నారు. అందం కోసమైతే సరే. వెలుగు కోసమైతే నాసిరకం ఎనిమిది కొనే డబ్బుకు నాణ్యమైనవి నాలుగు వస్తాయి, రంధ్రాలూ తగ్గుతాయి.

విద్యుత్తు బిల్లు గురించి వ్యాపారులు చెప్పే ఆదాకు అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. పది 12 వాట్ల లైట్లు రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. 2022 ఏప్రిల్‌ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబుకు పెట్టిన 6 రూపాయల చొప్పున 108 రూపాయలు. ఎంత మేలైన లైటయినా ఇందులో నెలకు ముప్ఫై నలభై మించి మిగల్చదు. డబ్బు మిగిలేది మన్నికలోనే. ఇన్వర్టరు ఉన్నవారు మాత్రం పవర్‌ ఫ్యాక్టర్‌ అంకె చూడాలి. అది 0.9 అయితే పది లైట్లు ఇన్వర్టరు మీద 133 వీఏ భారం వేస్తాయి. 0.5 అయితే అవే లైట్లు 240 వీఏ లాగుతాయి.

బిల్లు విషయంలో మొహమాటం కూడదు. ఎల్‌ఈడీ లైట్లపై జీఎస్‌టీ 2022 జూలై 18న 12 నుంచి 18 శాతానికి పెరిగింది. బిల్లు లేకుండా ఆ మేరకు తగ్గిస్తామనే మాటకు లొంగితే రెండేళ్ల వారంటీ కాగితానికే పరిమితం. బిల్లు మీద కంపెనీ, మోడల్‌, సంఖ్య రాయించుకొని, పెట్టె ఒకటి దాచాలి. దుకాణదారు మార్చి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా కనెక్టరు వేయించాలి. వేడికి టేపు జిగురు వదులుతుంది. జిప్సం త్వరగా అంటుకోదు గానీ ప్లైవుడ్‌, పీవీసీ పలకల సీలింగ్‌లో ఆ వదులు అతుకే నిప్పురవ్వ కాగలదు. రెండోది, స్విచ్‌ ఫేజు తీగ మీద ఉండాలి. న్యూట్రల్‌ మీద ఉంటే ఆపిన లైటు కూడా రాత్రంతా మసకగా మిణుకుతూ ఉంటుంది, దాని మీద పనిచేసేవారికి షాకు భయమూ ఉంటుంది.

లైటు పోయినప్పుడు దానిని పారవేసే ముందు విప్పి చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. చిప్పు మధ్య నల్లచుక్క ఉంటే వేడి బయటికి పోలేదు. చిప్పులన్నీ ఒకే దండగా ఉంటాయి కనుక ఒకటి పోయినా లైటంతా ఆరిపోతుంది. ఆ చుక్కను తీగముక్కతో కలిపి వెలిగించే పద్ధతి ఉంది గానీ, అసలు కారణం అలాగే ఉంటుంది కనుక కొన్నాళ్లకు పక్క చిప్పు పోతుంది. చిప్పులు బాగుండి డ్రైవర్‌లో కెపాసిటర్‌ తల ఉబ్బి ఉంటే డ్రైవర్‌ ఒక్కటి మారిస్తే చాలు. కొత్తది అదే మిల్లీ ఆంపియర్లది, వోల్టుల పరిధి కూడా సరిపోయేది అయి ఉండాలి. ఈ వెసులుబాటు వేరు డ్రైవర్‌ ఉన్న లైటుకే ఉంటుంది. అందుకే కొనేటప్పుడే డ్రైవర్‌ విడిగా దొరుకుతుందా అని దుకాణంలో అడిగి, రంధ్రం కొలత అంగుళాలలో బిల్లు వెనుక రాసుకొని, అదే సరుకులో రెండు లైట్లు అదనంగా కొని అటక మీద ఉంచుకోవాలి.